ఓడ జాబితాలో ఊరి పేరు

డర్బన్‌లో పుట్టి పెరిగిన ఒక తెలుగింటి ఆడబిడ్డ పంపిన కాగితం నకలు మూడు వారాలు నా బల్ల మీదే ఉండిపోయింది. ఆమెకు తెలుగు రాదు. ఇంట్లో ఉగాది చేసుకుంటారు, పేరు చివర నాయుడు ఉంది, అంతే. దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు కూలీలను మోసుకెళ్ళిన ఓడ జాబితాలో ఒకే ఒక్క వరుస ఆ కాగితం. నెంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు. జిల్లా గడిలో విశాఖపట్నాన్ని ఆనాటి ఇంగ్లీషులో రాసిన తీరు తెలుస్తోంది. తాలూకా గడి మీద సిరా అలుక్కుపోయింది. ఊరి గడిలో గరగబిల్లీ అన్నట్టుగా ఏదో ఉంది.

నేనుండేది చెంగిచెర్లలో. చర్లపల్లి ఒక పక్క, నాచారం ఒక పక్క. నా చెవికి ఊరంటే చెర్ల, పల్లి, గూడెం. ఇంగ్లీషు గుమాస్తా పల్లిని బిల్లిగా రాసి ఉంటాడనుకుని గరగపల్లి కోసం వెతికాను. దొరకలేదు. మా వీధి చివర ఇల్లు కడుతున్న తాపీమేస్త్రిది బొబ్బిలి వైపు అని గుర్తొచ్చి, ఒక సాయంత్రం ఆయనకు ఆ మాట చదివి వినిపించాను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పల్లి కాదు బాబూ, బిల్లి. గరుగుబిల్లి. తోటపల్లి కాడ. మా పక్కన బిల్లులూ వలసలే ఎక్కువ" అన్నాడు.

ఓడ జాబితాలు పట్టుకుని పూర్వీకుల ఊరు వెతుక్కునే పని ఎక్కడ ఆగిపోతుందో, ఎక్కడ ముందుకు కదులుతుందో ఆ ఒక్క మాటలో నాకు అర్థమైంది. ఈ జాబితాల మీద నలభై ఏళ్ళుగా మంచి పని జరిగింది. ఆ పనిలో ఎక్కువ భాగం కూలీలు దిగిన రేవుల్లో జరిగింది. వాళ్ళు ఎక్కిన ఒడ్డున, ఆ పేర్లు ఏ చెవికి పరిచయమో ఆ చెవుల దగ్గర, ఇంకా సరిగ్గా మొదలే కాలేదని నా అభిప్రాయం.

ప్రపంచంలో ఇలాంటి వెతుకులాటకు పెట్టింది పేరు ఐరిష్‌వాళ్ళు. 1845లో మొదలైన బంగాళాదుంప కరువు తర్వాత లక్షలమంది అట్లాంటిక్ దాటారు. వచ్చే ప్రతి ఓడా ప్రయాణికుల జాబితా దాఖలు చేయాలని అమెరికా 1819లో చట్టం చేసింది కాబట్టి 1820 నుంచి ఆ కాగితాలున్నాయి. వాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పటికీ వాటి చుట్టూ తిరుగుతున్నారు. కానీ ఆ పాత జాబితాల్లో చాలావాటిలో సొంత ఊరు అన్నచోట ఐర్లండ్ అన్న ఒక్క మాటే ఉంటుంది. కౌంటీ ఉండదు, ఊరుండదు. పైగా 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ భవనం తగలబడినప్పుడు ఆ దేశపు పాత జనాభా లెక్కలు చాలావరకు బూడిదైపోయాయి. వాళ్ళకు మిగిలిన ఆసరా ఇంటిపేరు. మర్ఫీ అన్నా సల్లివన్ అన్నా ఏ ప్రాంతంలో ఆ ఇళ్ళు ఎక్కువో చెప్పగలరు.

మనది సరిగ్గా దీనికి ఎదురు. మన జాబితాల్లో ఊరుంది, ఇంటిపేరు లేదు. స్వేచ్ఛగా టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళిన ఐరిష్ మనిషి ఏ ఊరివాడైతే ఓడ కంపెనీకి ఏం పని? అయిదేళ్ళ ఒప్పందం మీద తోటకు అప్పగించే కూలీ సంగతి వేరు. పారిపోతే పట్టుకోవాలి, చనిపోతే కబురు చెప్పాలి, తిరిగి వెళ్తే లెక్క తేలాలి. అందుకే తండ్రి పేరు, ఎత్తు, ఎడమ మోకాలి మీద మచ్చ దాకా రాసుకున్నారు. పశువుకు వేసే ముద్రలాంటి రాత అది. అయినా సెంటు భూమి లేని మనిషికి, ఏ శాసనంలోనూ ఏ దస్తావేజులోనూ పేరెక్కని మనిషికి, తన పేరూ తన నాన్న పేరూ తన ఊరి పేరూ పక్కపక్కన పెట్టి రాసిన మొదటి కాగితం అదే. చాలామందికి చివరిది కూడా.

మనవాళ్ళ కాగితాలు ఎక్కడెక్కడ ఉన్నాయో చూద్దాం. అన్నిటికంటే నిండైనది నాటాల్‌ది. మద్రాసులో బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది, 342 మందితో. పది రోజులకు కలకత్తా నుంచి బెల్విడేర్ వచ్చింది. మధ్యలో 1866 నుంచి 1874 దాకా ఆగినా, 1911లో ఉమ్లాజీ చివరి ఓడగా చేరేనాటికి మొత్తం 1,52,184 మంది దిగారు. ఇందులో సుమారు మూడింట రెండొంతులు మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళు, అంటే తమిళులు, తెలుగువాళ్ళు. ఒక్కొక్కరికీ ఒక నెంబరు ఇచ్చారు. ఆ నెంబరే ఇప్పుడు తాళంచెవి. పెళ్ళి నమోదులోనో పిల్లల జనన నమోదులోనో అది కనిపిస్తే అక్కణ్ణుంచి ఓడకు, ఓడ నుంచి ఊరికి వెళ్ళొచ్చు. సురేంద్ర భానా ఈ ఓడ జాబితాలనే ఆధారం చేసుకుని 1991లో ఒక పుస్తకం రాశారు. ఎవరు ఏ జిల్లా నుంచి, ఏ కులం నుంచి, ఏ వయసులో వెళ్ళారో లెక్క కట్టిన మొదటి గట్టి ప్రయత్నం అది. అంతకుముందే జాయ్ బ్రెయిన్ అదే జాబితాల్లోంచి క్రైస్తవులను వేరుచేసి 1983లో ఒక పుస్తకం తెచ్చారు. ఆ తర్వాత అశ్విన్ దేశాయ్, గులాం వాహెద్ కలిసి రాసిన పుస్తకం లెక్కల వెనకున్న మనుషుల దాకా వెళ్ళింది. ఈ నలుగురి పనీ నాకు గౌరవమే. ఒక్క లోటు చెప్పాలి. భానా పట్టికలు జిల్లా దగ్గర ఆగుతాయి. వెతుక్కునే మనవరాలికి కావాల్సింది జిల్లా కాదు, ఊరు.

మారిషస్ కథ ఇంకా పాతది. 1834లో అట్లాస్ ఓడలో 36 మందితో మొదలై దాదాపు అయిదు లక్షల మంది ఆ దీవిలో దిగారు. వాళ్ళలో చాలామంది పోర్ట్ లూయిస్‌లోని ఆప్రవాసీ ఘాట్ మెట్లు ఎక్కినవాళ్ళే. 2006లో యునెస్కో ఆ ఘాట్‌ను ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది, 2015లో ఆ వలస కాగితాలను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. ఆ రిజిస్టర్లు మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. 1860ల నుంచి ఫోటోలు కూడా ఉన్నాయి. నూట యాభై ఏళ్ళ కిందట విశాఖ జిల్లాలో ఏ వీధిలోనో పుట్టిన మనిషి నేరుగా మనవైపు చూస్తున్న ఫోటో. ఆ కాలంలో అతని ఊళ్ళో జమీందారుకు కూడా ఫోటో ఉండి ఉండదు.

అక్కడి తెలుగువాళ్ళను చాలాకాలం కోరంగీలనే పిలిచారు. గోదావరి పాయ దగ్గరున్న కోరంగి రేవు పేరు అది. 1839 నవంబరు తుఫాను ఆ రేవును ముంచేసింది, తర్వాత వ్యాపారం కాకినాడకు తరలింది. 1842లో మారిషస్‌కు వలసను మళ్ళీ అనుమతించాక కూలీల ఓడలు మద్రాసు లాంటి పెద్ద రేవుల నుంచే కదిలాయి. అయినా మనుషులకు కోరంగి పేరు మిగిలిపోయింది. కాబట్టి ఎవరైనా "మా తాతలది కోరంగి" అంటే దాన్ని ఊరిగా తీసుకోకూడదు. అది శ్రీకాకుళం కావచ్చు, చోడవరం కావచ్చు. ఊరిని పట్టిచ్చేది వేరే ఉంది, అది పూజ. మారిషస్ తెలుగిళ్ళలో ఈనాటికీ సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ చేస్తారు. సింహాచలం కొండ నీడ పడని ఊరివాళ్ళు సముద్రం దాటించి అప్పన్నను తీసుకెళ్ళరు. రిజిస్టరులో ఊరు చెరిగిపోయినచోట ఇంట్లో దీపం పెట్టే దేవుణ్ణి అడగాలి.

ఫిజీకి మొదటి ఓడ లియోనిదాస్ 1879లో కలకత్తా నుంచి వెళ్ళింది. మద్రాసు నుంచి మనవాళ్ళు వెళ్ళడం 1903లోగానీ మొదలవలేదు. 1916లో ఆగేలోపు అరవై వేలకు పైగా వెళ్ళినవాళ్ళలో సుమారు 15,000 మంది మద్రాసు రేవు నుంచే. అక్కడ మనిషికో కాగితం, వలస పాస్. బ్రిజ్ లాల్ ఉత్తరాది వాళ్ళ పాస్‌లు 45,439 తిరగేసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, 1983లో గిర్మిటియాల మీద, అంటే ఆ ఒప్పంద కూలీల మీద, ఒక పుస్తకం తెచ్చారు. ఆయన తాతల వైపు కాగితాలవి. ఆ ప్రేమ పుస్తకంలో ప్రతి పేజీలో తెలుస్తుంది. దక్షిణాది పాస్‌ల మీద అదే శ్రద్ధతో అంత పెద్ద పని చేసిన పుస్తకం నా కంటపడలేదు. 15,000 పాస్‌లు ఒక విశ్వవిద్యాలయ శాఖకు మోయలేని బరువేమీ కాదు.

కరీబియన్ ప్రాంతం గురించి క్లుప్తంగానే చెప్పొచ్చు. గయానాకు, ఫ్రెంచి దీవులైన మార్టినిక్, గ్వాడలూప్‌లకు వెళ్ళినవాళ్ళలో మద్రాసు, పుదుచ్చేరి, కారైకాల్ రేవుల నుంచి ఎక్కిన దక్షిణాది వాళ్ళున్నారు. వారిలో తెలుగువాళ్ళను విడదీయడం కష్టం. ఫిజీ, గయానా, సురినామ్, ట్రినిడాడ్ ఒప్పంద కూలీల కాగితాలను యునెస్కో 2011లోనే ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది.

అసలు బాధ బర్మాది. తెలుగువాళ్ళ వలసల్లో పెద్ద ఏరు అటే పారింది. విశాఖపట్నం, భీమునిపట్నం, కాకినాడ, కళింగపట్నం రేవుల నుంచి బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ స్టీమర్లు రంగూన్‌కు తిరిగేవి. వరి కోతలకు, మిల్లులకు, రేవు పనికి జనం డెక్కు మీద కిక్కిరిసి వెళ్ళేవాళ్ళు, డబ్బు కూడగానే తిరిగి వచ్చేవాళ్ళు, మళ్ళీ వెళ్ళేవాళ్ళు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలు దాటారు. వాళ్ళను అయిదేళ్ళ ఒప్పందం బంధించలేదు, మేస్త్రి దగ్గరి అప్పు బంధించింది. అప్పు పద్దు మేస్త్రి పుస్తకంలో ఉండేది, సర్కారు రిజిస్టరులో కాదు. డెక్కు ప్రయాణికులను తలలుగా లెక్కపెట్టారేగానీ ఊరూ పేరూ రాసుకోలేదు. అంటే, నాటాల్ వెళ్ళిన వెయ్యిమంది ఊర్లు చెప్పగలం, రంగూన్ వెళ్ళిన లక్షమంది ఊర్లు చెప్పలేం. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు అడవులూ కొండలూ దాటి కాలినడకన వచ్చినవాళ్ళ సంగతీ అంతే. ఉస్మానియాలో పనిచేసిన చరిత్రకారుడు అడపా సత్యనారాయణ ఆగ్నేయాసియాకు వెళ్ళిన దక్షిణాది కూలీల మీద రాసిన వ్యాసం ఈ వలసను అర్థం చేసుకోవడానికి మంచి దారి. కానీ వ్యక్తులను వెతుక్కోవడానికి ఇక్కడ ఓడ జాబితా పనికిరాదు. రంగూన్‌ను రంగం అనే ఉత్తరాంధ్ర ఊళ్ళలో "రంగం వెళ్ళొచ్చిన తాత" అన్న మాటే ఆధారం. ఆ మాట చెప్పగలిగిన ముసలివాళ్ళు ఎక్కువ కాలం ఉండరు. మలయా తోటలకు వెళ్ళినవాళ్ళదీ చాలావరకు ఇదే పరిస్థితి. మద్రాసు, నాగపట్నం మీదుగా పెనాంగ్, సింగపూర్‌లకు తిరిగిన రజులా స్టీమర్ పేరు మాత్రం అక్కడి పాతతరం నోట ఇంకా ఉంది. అది 1926 నుంచి దాదాపు అర్ధశతాబ్దం నడిచింది.

కాగితం దొరికినచోట దాన్ని చదవడం రెండో మెట్టు. ఈ మెట్టు దగ్గరే చాలామంది జారిపడతారు. పేరు చెప్పింది తెలుగు నోరు, విన్నది ఎక్కువగా తమిళ చెవి, రాసింది ఇంగ్లీషు కలం, అవతల రేవులో తిరిగి రాసుకున్నది మరో చెయ్యి. నాలుగు చేతులు మారిన పేరు అది. కులం గడిలో ఎం, ఏ, ఎల్, ఏ అన్న నాలుగక్షరాలు కనిపిస్తే అందులో మాల ఉంది, మల్ల ఉంది, మళ్ళ ఉంది. ఇంగ్లీషులో ల, ళ ఒకటే. ద, డ ఒకటే. దీర్ఘం, హ్రస్వం ఒకటే. ఊరి పేరులో గుడ్ అన్న ముక్క గూడెం అవుతుందో గుడి అవుతుందో పేర్ల గుంపు తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. వీళ్ళలో ఎవరినీ తప్పుపట్టలేం. ఆ గుమాస్తా ముందు రోజుకు వందలమంది నిలబడ్డారు.

అయినా చెవి ఉన్నవాళ్ళకు ఆధారాలు దొరుకుతాయి. డు, లు అన్న తోకలు తెలుగువి. మారిషస్‌లో అప్పడు, రామాంజులు, సీతారామడు ఇప్పుడు కుటుంబ నామాలు. అవి మొదట ఓడ దిగిన మనిషి సొంత పేర్లు. అప్పలస్వామి, అప్పన్న, సింహాద్రి, సన్యాసి అన్న పేర్ల గుంపు కనిపిస్తే ఉత్తరాంధ్ర వైపు చూడాలి. ఊరి పేరు చివర వలస అని ఉంటే ఇంకా గట్టిగా అటే చూడాలి. కొత్తవలస లాంటి ఊళ్ళు ఉత్తరాంధ్రలో అడుగడుగునా ఉన్నాయి. ఎవరో ఎక్కడి నుంచో వలస వచ్చి కట్టుకున్న ఊళ్ళవి. ఆ ఊరివాళ్ళు మళ్ళీ సముద్రం దాటి వలసపోయారు. ఇంగ్లీషు రాతలో అది వల్సా అవుతుంది. ఫ్రెంచి, ఇంగ్లీషు తప్ప తెలియని మనవడు ఆ మాటను ఒక వింత ధ్వనిగా చూస్తాడు. మనకది మామూలు మాట.

ఇంటిపేరు సంగతి ముందే అన్నాను, ఇంకాస్త చెప్పాలి. ఓడ ఎక్కేముందు కూలీలను ఉంచే డిపోలో పేరు అడిగారు, తండ్రి పేరు అడిగారు. ఇంటిపేరు అడగాలని తమిళ గుమాస్తాకు తోచలేదు, ఎందుకంటే తమిళులకు అది లేదు. మన ఊళ్ళలో మనిషిని పట్టుకోవాలంటే మొదటి ప్రశ్న "ఎవరింటివారు?" అని. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా ఓడ జాబితా పట్టుకుని ఊళ్ళోకి వెళ్ళినవాళ్ళు రచ్చబండ దగ్గరే ఆగిపోతారు. డర్బన్‌లో పేరు చివర నాయుడు చూసి ఇంటిపేరు దొరికిందనుకుంటారు. అది ఒక కులానిది కూడా కాదు. కాపు, వెలమ, గవర, బలిజ, కమ్మ ఇళ్ళలో ఎక్కడైనా వినిపించే గౌరవ పదం. గోత్రం ఎవరికైనా గుర్తుంటే అది కొంత మేలు. ఇళ్ళల్లో పెళ్ళిళ్ళప్పుడు చెప్పుకునే గోత్రాలను రాసిపెట్టుకోమని ఆ దేశాల్లోని బంధువులందరికీ నేను మొదట చెబుతాను.

జిల్లా గడి ఇంకో చిక్కు. జిల్లాలు కదులుతాయి. గరుగుబిల్లినే చూడండి. ఓడ ఎక్కేనాటికి అది విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళింది. 1979లో విజయనగరం జిల్లా పుట్టినప్పుడు ఇటు వచ్చింది. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా అయింది. ఊరు అంగుళం కదల్లేదు, నాలుగు జిల్లాలు మారింది. గంజాం అని రాసి ఉంటే ఒడిశాకు వెళ్ళి వెతికేవాళ్ళున్నారు. 1936కు ముందు శ్రీకాకుళం, టెక్కలి తాలూకాలు గంజాం జిల్లావే. ఉత్తర ఆర్కాటు అని ఉంటే అందరూ తమిళులనుకుంటారు. 1911లో చిత్తూరు జిల్లా విడిపోకముందు చంద్రగిరి, పలమనేరు అన్నీ అందులోనివే. వీరవల్లి తాలూకా ఎక్కడుందని అడిగితే ఇప్పుడు అక్కడివాళ్ళే చెప్పలేరు. దాని కచేరీ చోడవరంలో ఉండేది. సర్వసిద్ధి తాలూకా అంటే యలమంచిలి వైపు. ఇలాంటి పాత తాలూకాలను ఇప్పటి మండలాలకు జతపరిచే ఒక పట్టిక తెలుగులో అచ్చయితే ఎన్ని వందల ఇళ్ళకు దారి దొరుకుతుందో.

ఆడవాళ్ళ వరుసలు చదివేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. వందమంది మగవాళ్ళకు నలభైమంది ఆడవాళ్ళు ఓడలో ఉండాలన్నది చాలాకాలం నడిచిన నిబంధన. ఆ లెక్క నింపడానికి దళారీలు ఒంటరి ఆడవాళ్ళను, వితంతువులను, ఇంట్లోంచి వచ్చేసినవాళ్ళను వెతికారు. డిపోలో వారాల తరబడి ఉన్నప్పుడు కొత్త జంటలు కలిసేవి. కాబట్టి ముత్తవ్వ ఊరు ముత్తాత ఊరికి రెండు జిల్లాల అవతల ఉండొచ్చు, కులం వేరుండొచ్చు. ఇద్దరిదీ ఒకే ఊరని మగమనిషి వరుస ఒక్కటే చదివి ఊరుకుంటే సగం వంశం పోతుంది. ఆమె వరుస విడిగా ఉంటుంది, విడిగానే చదవాలి.

పేరు కలిసింది కదా అని తొందరపడినవాళ్ళకు ఐరిష్ కథ ఒకటి చెప్పాలి. 1892 జనవరి 1న ఎల్లిస్ ఐలాండ్ తెరిచినప్పుడు మొదట దిగిన అమ్మాయి కార్క్ ప్రాంతపు ఆనీ మూర్. ఆమె టెక్సస్ వెళ్ళిపోయిందని, అక్కడ ట్రాము కింద పడి చనిపోయిందని దశాబ్దాలపాటు అందరూ నమ్మారు. 2006లో తేలింది ఏమిటంటే, ఆ టెక్సస్ మూర్ అమెరికాలోనే పుట్టిన మరో మనిషి. అసలు ఆనీ న్యూయార్క్‌లోనే బతికి అక్కడే పోయింది. ఒక దేశమంతా కళ్ళు పెట్టుకుని చూస్తున్న పేరు విషయంలోనే అలా జరిగింది. విశాఖ జిల్లా జాబితాల్లో అప్పన్నలు ఎంతమందో ఆలోచించండి. తండ్రి పేరు, వయసు, మచ్చ, నెంబరు నాలుగూ కలిస్తేనే మనిషి. పైవరుస, కిందివరుస కూడా చదవాలి. ఒక ఊరివాళ్ళు కలిసి బయల్దేరేవాళ్ళు, కలిసే పేర్లు రాయించుకునేవాళ్ళు.

ఇక ఈ ఒడ్డు కాగితాలు. మా చెంగిచెర్ల నుంచి నాచారం మీదుగా తార్నాక వెళ్తే రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. తెలుగు అనగానే హైదరాబాద్, హైదరాబాద్ అనగానే ఆర్కైవ్స్ అనుకుని విదేశాల తెలుగువాళ్ళు అక్కడికి రావాలనుకుంటారు. షాజహాన్, ఔరంగజేబుల కాలపు దక్కన్ కాగితాల నుంచి నిజాం దఫ్తరాల దాకా అక్కడ గొప్ప సంపద ఉంది. కానీ ఓడ ఎక్కినవాళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీ ప్రజలు. వాళ్ళ వలస వ్యవహారాల దస్త్రాలు చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్‌లో, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. ఊళ్ళో భూమి కాగితాలు చూద్దామంటే, విజయనగరం, బొబ్బిలి లాంటి జమీందారీల కింద రైతుల పేర్లు జమీందారు కచేరీ పద్దుల్లో ఉండేవి. భూమే లేని కూలీ పేరు వాటిలోనూ లేదు. అందుకే ఈ ఒడ్డున మిగిలిన ఆధారం ఎక్కువగా నోటిమాట. "మా తాత తమ్ముడు ఏదో దీవికి వెళ్ళి తిరిగి రాలేదు" అని ఎవరైనా చెబితే, ఆ మాటా నాటాల్ నెంబరూ కలిసే చోటే ఊరు దొరుకుతుంది.

ఇప్పుడు దీనికి అవసరం కూడా పెరిగింది. మారిషస్‌లో ఏడో తరం దాకా ఉన్న భారత సంతతి వాళ్ళకు ఓసీఐ (ఓవర్సీస్ సిటిజెన్ ఆఫ్ ఇండియా) కార్డు ఇస్తామని 2024 మార్చిలో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము అక్కడ ప్రకటించారు. కార్డు కోసమైనా జనం కాగితం వెతుకుతారు, కాగితం దొరికాక ఊరు అడుగుతారు. మారిషస్‌లో 1946 నుంచి, దక్షిణాఫ్రికాలో 1931 నుంచి ఆంధ్ర మహాసభలున్నాయి. మన వైపు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో వలస భారతీయుల మీద ప్రత్యేక కేంద్రం ఉంది. ఈ రెండు చివరలనూ కలిపి, విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల వరుసలన్నీ తెలుగు లిపిలోకి మార్చి, ఊళ్ళ పేర్లు ఆ ఊళ్ళవాళ్ళ చేతే చదివించాలి. కంప్యూటర్ మంచి సాధనమే, కానీ బిల్లిని పల్లి నుంచి విడదీయడం దానికి ఎవరో ఒక బొబ్బిలి మనిషి నేర్పాలి.

తెలంగాణ వాళ్ళకు ఇది పరాయి గొడవ కాదు. కరీంనగర్, నిజామాబాద్ నుంచి గల్ఫ్ వెళ్ళే కూలీకి ఈరోజు కూడా అనుమతి ఇచ్చే అధికారి పేరు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్. మద్రాసులో ఓడ జాబితా మీద సంతకం పెట్టిన ఉద్యోగి పేరు కూడా అదే. గల్ఫ్ కూలీల వివరాలు ఇప్పుడు కంప్యూటర్‌లో ఉన్నాయి. వందేళ్ళ తర్వాత ఎవరి మనవరాలో మస్కట్ నుంచో దుబాయ్ నుంచో జగిత్యాల పక్క ఊరు అడిగితే ఆ వివరాలు తెరుచుకుంటాయో లేదో ఇప్పుడే ఆలోచించుకోవాలి.

డర్బన్ ఆవిడను ఆ పేజీ మొత్తం పంపమని అడిగాను. పంపింది. మా వరుసకు మూడు వరుసల కింద, అదే ఊరి పేరుతో ఇంకొక మనిషి. అక్కడ తాలూకా గడి మీద సిరా చెదరలేదు. పార్వతీపురం. ఊరు బహుశా ఇదేనని, ఇంటిపేరు తెలియకుండా ఇల్లు చెప్పలేనని, ముత్తవ్వ నెంబరు కూడా వెతకమని రాశాను. ఊరి పేరు తెలుగులో రాసి, నాలుగు జిల్లాల వరుసా పెట్టాను. రెండు రోజులకు ఒక ప్రశ్న వచ్చింది: ఆ పేరును అక్కడివాళ్ళు ఎలా పలుకుతారు? సాయంత్రం మేస్త్రి దగ్గరికి ఫోను తీసుకెళ్ళాను. తాపీ పక్కన పెట్టి, చెయ్యి లుంగీకి తుడుచుకుని రెండుసార్లు పలికాడు. రెండోసారి నెమ్మదిగా, బిల్లి దగ్గర కాస్త ఒత్తి. అదే పంపాను.